చెల్లెలి నీళ్లు

పొద్దున లేస్తూనే శాంతమ్మ చేసే మొదటి పని ఉచ్చ కొలవడం. ఆదోని ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకునేవాళ్లకు అదే తొలి పాఠం. గాజు జాడీని కండ్లకు సమంగా ఎత్తి, గీత చూసి, మంచానికి కట్టిన చీటీలో రాయాలి. ముక్కు మూసుకున్న పిల్లను డాక్టరు మల్లికార్జునయ్య వార్డు బయటికి తరిమేవాడు. "మనిషి ప్రాణం ఈ జాడీలో ఉండాదమ్మా" అనేవాడు.

ఐదో మంచం జాడీలో నాలుగు దినాలుగా చుక్క లేదు. ఆ మంచం మీదున్నది శాంతమ్మ చెల్లెలు మద్దమ్మ. ఎమ్మిగనూరులో కాన్పయి, నెత్తురంతా పోయి, ఒళ్లు చల్లబడినాక బండిలో వేసుకొచ్చినారు. బిడ్డ బతికింది. తల్లి మూత్రపిండాలు మూసుకుపోయినాయి.

"చచ్చిపోలేదు, దెబ్బతిని పడుండాయి" అన్నాడు డాక్టరు. "పది పన్నెండు దినాలకు లేస్తాయి. అందాకా మనిషిని నిలబెట్టాల. దినానికి రెండు గ్లాసుల నీళ్లు, చెమటకూ ఊపిరికీ పోయేంత. ఉప్పొద్దు, పండ్లొద్దు. కొబ్బరినీళ్లు అసలే వద్దు. అందులో పొటాసియం ఉంటుంది. బయటికి పోయే దారి లేకుంటే గుండెను పట్టేస్తుంది."

"ఉచ్చ తెప్పించే మెర్సలిల్ సూది వెయ్యరా సార్?" అని అడిగింది శాంతమ్మ. "మొన్న మగవాళ్ల వార్డులో మారెప్పకు వేస్తే జాడీ నిండె."

"వాని మూత్రపిండాలు పనిచేస్తాండాయి కాబట్టి నిండె. అది పాదరసం మందు. పనిచేసేదాన్ని తరుముతుంది, పడినదాన్ని చంపుతుంది. యాడో దూరదేశాల్లో నెత్తురు కడిగే యంత్రం ఉందంట. మన ఆదోనిలో పత్తిగింజలు తీసే యంత్రాలే ఉండాయి."

అక్కచెల్లెండ్లు చేతులు పట్టుకుంటే ఒకరి ఒంట్లో నీళ్లు, వాటిలో కలిసినదానితో సహా, ఇంకొకరికి పోతాయని ఎమ్మిగనూరులో అందరికీ తెలుసు. పత్తి చేలో మద్దమ్మ ఒక్కతే బావికి పోయి తాగొచ్చేది, శాంతమ్మ దాని చేయి పట్టుకొని దాహం తీర్చుకునేది. ఒక్కతే పని వదులుతుందని మేస్త్రీ కూడా సంతోషపడేవాడు. అయితే నీళ్లు ఎక్కువున్న ఒంటి నుంచి తక్కువున్న ఒంటికే పోతాయి, సమానమైతే నిలిచిపోతాయి. ఈ నాలుగు దినాలూ శాంతమ్మ సందు దొరికినప్పుడల్లా చెల్లెలి చేయి పట్టుకొని, ఉచ్చకు పోయొచ్చి మళ్లీ పట్టుకునేది. మద్దమ్మ ఊపిరి అట్లా నిలిచింది.

ఐదో దినం సూదులు ఉడకబెట్టి వచ్చేసరికి మంచం కింద మూడు ఖాళీ కొబ్బరిబోండాలున్నాయి. పక్కన మద్దమ్మ అత్త సిద్దమ్మ.

ఈ సిద్దమ్మ ఊర్లో బాలింతలు నీళ్లు తాగకూడదని వాళ్లకు చెంబు అందకుండా కాపలా కాసే మనిషి. ముప్పై ఏండ్లుగా ఎన్ని నోళ్లు ఎండగట్టిందో! అట్లాంటిది, ఉచ్చ రాలేదనేసరికి లోపలికి పోస్తే కదా బయటికొచ్చేది అనుకుంది.

"మూడూ తాపినావా అత్తా?"

"గటగటా తాగింది పాపం."

"ఇన్నేండ్లు తాపకుండా సంపితివి, ఇప్పుడు తాపి సంపుతాండావు!"

"నాకేం తెలుసే? నోరెండి ఎక్కిళ్లు పడతాంటే సూస్తా కూసోమంటావా?"

మద్దమ్మ నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది. డాక్టరు పరుగున వచ్చి నరంలోకి కాల్షియం ఎక్కించినాడు. "ఇది గుండెను కాసేపు కాపాడుతుంది, అంతే. విషం మాత్రం లోపలే ఉంది."

"ఆ మెర్సలిల్ నాకెయ్యండి సార్."

"నీకేం జబ్బు?"

"ఏమీ లేదు. అందుకే వెయ్యమంటాండా."

డాక్టరు మంచం మీద కలిసిన రెండు చేతుల్ని చూసినాడు. "ఒకటితో తీరదు. దినమూ వేస్తే నీ మూత్రపిండాలూ పోతాయి."

"తెలుసు సార్, అది పాదరసమని మీరే చెప్పినారు కదా."

సూది పడింది. సిద్దమ్మ తన చీర అడ్డం పట్టి నిలబడింది. ఒక చేత్తో చెల్లెల్ని పట్టుకొనే శాంతమ్మ జాడీలు నింపింది, నిండినవన్నీ మద్దమ్మ చీటీలో రాసింది. ఎవరివని డాక్టరు అడగలేదు. ఆరు దినాలు, ఆరు సూదులు. చివరి రెండింటికీ జాడీ సగం కూడా నిండలేదు.

పన్నెండో పొద్దున మద్దమ్మకు సొంతంగా అర గ్లాసు వచ్చింది. వారం తిరిగేసరికి జాడీలు చాలలేదు. సిద్దమ్మ వార్డంతా తిరిగి అందరికీ చెప్పింది, ఏదో పెండ్లి కబురైనట్టు.

ఊరికి పోయే దినం బండి ముందర మద్దమ్మ చేయి చాపింది. "అక్కా, ముఖం అట్ల ఉబ్బిందేమే? చేయియ్యి."

ఇస్తే ఏమవుతుందో శాంతమ్మకు తెలుసు. బయటికి పోక తనలో నిలిచిపోయిన నీళ్లన్నీ ఆ ఒంట్లోకి పోతాయి. మద్దమ్మవి ఇప్పుడిప్పుడే లేచిన మూత్రపిండాలు.

"నిద్రలేదు, అంతే. ఇంట్లో బిడ్డ ఏడుస్తాంటది, ఎక్కు ముందు."

"ఒకసారి పట్టుకోవే!"

"నీ అత్త చేతులు ఖాళీగానే ఉండాయి కదే" అని శాంతమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది.