మెరుగులమ్మ అక్క ముఖం

డాక్టరు అడిగింది చిన్న విషయమే. "దెబ్బ తగలకముందు ఆవిడ ముఖం ఎలా ఉండేదో తెలిసేలా ఓ మంచి ఫొటో తీసుకురండి. రేపు పొద్దున ముక్కూ దవడా సరిచేసేటప్పుడు చూసుకుంటాను" అన్నాడు. ఫొటోలకేం కొదవ? మెట్ల మీద జారి బోర్లా పడిన ఆ మనిషి సొంత చెల్లెలే ఫొటో స్టూడియో నడుపుతోంది. ముప్పై ఏళ్లుగా జనం ముఖాలకు మెరుగులు దిద్దీ దిద్దీ అసలు పేరు పోయి, అందరి నోటా మెరుగులమ్మే అయిపోయింది.

మెరుగులమ్మ ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నీ మంచం మీద పరిచింది. అక్క కూతురు పేజీలు తిప్పి తిప్పి తలెత్తింది.

"పిన్నీ, వీటిలో మా అమ్మ ఏదీ?"

"కళ్ళు కనబడట్లేదా? అన్నిట్లోనూ మీ అమ్మే కదే!"

"అమ్మ ముక్కు మధ్యలో ఎత్తుగా ఉంటుంది కదా. ఇక్కడ గీత గీసినట్టుంది. ఆ వెడల్పు దవడేదీ? పళ్ళ మధ్య సందేదీ?"

మెరుగులమ్మ ఆల్బమ్ దగ్గరికి లాక్కుని చూసింది. ముక్కు సన్నం చేయడం, దవడ కోల చేయడం, సందు మూసేయడం అన్నీ తన చేతి పనులే. పోస్టర్లలో ఆడవాళ్ళంతా అలాగే ఉంటారు, స్టూడియోకి వచ్చేవాళ్ళూ అలాగే కావాలంటారు. చెయ్యి దానంతటదే అటు పోతుంది. పైగా పని పూర్తవగానే అసలు ఫొటో చెరిపేయడం ఆ స్టూడియో పద్ధతి. ఎవరి అసలు ముఖమూ పొరపాటున కూడా బయటపడకూడదట! ఆ పద్ధతి పెట్టిన మహాతల్లి కూడా ఈవిడే. అక్క గుర్తింపు కార్డు ఫొటోనైనా వదల్లేదు. పోనీ ఫోన్లలో వెతుకుదామంటే, "మా చెల్లి తీస్తేనే బాగుంటాను" అంటూ అక్క ఎవరు ఫోన్ ఎత్తినా చెయ్యి అడ్డం పెట్టుకునేది. కూతురి ఫోన్ నిండా అరచేతులే.

ఇద్దరూ స్టూడియోకి పరుగెత్తారు. మెరుగులమ్మ కంప్యూటర్ ముందు కూర్చుని అక్క ముక్కును మళ్ళీ ఎత్తు చేయసాగింది.

"ఇంకాస్త పైకి పిన్నీ. కాదు కాదు, అంత లేదు."

"సరిగ్గా చెప్పవే తల్లీ!"

"ఏమో పిన్నీ, ఇవి చూసీ చూసీ నాకూ గుర్తు రావట్లేదు."

మెరుగులమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తోడబుట్టినదాని ముక్కు గుర్తులేని చెల్లెలు ఎక్కడైనా ఉంటుందా? మళ్ళీ ఇంకో ఆలోచన. ఈ ఫొటోలు చూసుకుని అక్క ఎంత మురిసిపోయేది! డాక్టరుకు వీటిలోనే ఒకటి ఇచ్చేస్తే అక్కకు ఆ ముఖమే వస్తుందేమో. అది మేలు చేసినట్టా, మోసం చేసినట్టా? ఎటూ పాలుపోక, సన్నముక్కు పాత ఫొటో ఒకటి, ముక్కు ఎత్తు చేసి కొత్తగా దిద్దింది ఒకటి పట్టుకుని సాయంత్రానికి ఆసుపత్రి చేరింది.

అక్క ముఖమంతా కట్లు. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మాట్లాడలేకపోతోంది కాబట్టి దుప్పటి మీద పెన్నూ కాగితం పెట్టారు, పక్కనే డాక్టరు చూసే ఫైలు ఉంది.

"అక్కా, డాక్టరుకి ఏది ఇవ్వమంటావు? నీకు ఏది నచ్చితే అదే."

అక్క రెండింటినీ చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా రాసింది. "మొదటిసారి మార్చమని నేను అడగలేదు. నువ్వే మార్చావు. నీకు ఏ అక్క కావాలో చెప్పు."

"నువ్వు నువ్వులాగే కావాలక్కా!" అంది మెరుగులమ్మ. మనస్ఫూర్తిగానే అంది. కానీ ఆ మాట నోట్లోంచి రాకముందే చూపు సన్నముక్కు ఫొటో మీదికి పోయింది. తనకే తెలియలేదు. అక్క మాత్రం చూసింది.

చెల్లెలి చేతిని ఓసారి నిమిరి, అక్క సన్నముక్కు ఫొటో తీసి ఫైల్లో పెట్టింది.