తలుపు లేని మేడగది

మూసీ మీది గాలి... తడిమట్టి వాసనతో మెట్లెక్కి వచ్చింది. తెరను పక్కకు తోసి, నేరుగా గదిలోకి.

కోమలవల్లి చటుక్కున కొంగు సర్దుకుంది.

పంతొమ్మిది వందల యాభై అయిదో సంవత్సరం. పెళ్లయిన కొత్త. మూసీ ఒడ్డున, కార్వాన్‌లో అంత పెద్ద ఇల్లు — మందపాటి రాతిగోడలు, టేకు దూలాలు. కొత్త జంట గదికి మాత్రం తలుపు లేదు!

భర్త రంగనాథ్‌ను అడిగితే, "అవ్వనడుగు" అని దఫ్తరుకు వెళ్లిపోయాడు.

ఆమె అవ్వను అడగలేదు. వడ్రంగి ఎల్లప్పను పిలిపించింది.

ఎల్లప్ప కొలతబద్ద తీశాడో లేదో, మెట్ల మీద అడుగుల చప్పుడు. రంగనాథ్ నాయనమ్మ, గోదా. ముసలితనంలోనూ నిటారుగా నడిచే మనిషి.

"ఏంది ఎల్లప్పా, ఏం కొలుస్తున్నవ్?"

"తలుపు కావాలె అవ్వా," అంది కోమలవల్లి. తల వంచలేదు.

గోదా కోప్పడలేదు. ద్వారబంధం మీద చెయ్యి వేసింది.

"ఉండె తల్లీ. తుగ్యానీల మీ తాత ఊడబీకిండు."

నలభై ఏడేళ్ల కిందట, మూసీ పొంగిన ఏడు... కింది గదులన్నీ నీళ్లే. వీధంతా నీళ్లే. చెట్ల కొమ్మల్లో మనుషులు. కేకలు.

తాత వామన్‌రావు ఈ గది తలుపును నీటిలోకి దించాడు. మోకు కట్టాడు. మోకు కొస భార్య చేతుల్లో — చంటిబిడ్డ తల్లి, పడుచు గోదా చేతుల్లో.

ఆయన తోసుకుంటూ వెళ్లడం. ఆమె లాగడం. మళ్లీ వెళ్లడం. మళ్లీ లాగడం.

మసీదు ముందరి నేతవాళ్లు, కల్లు దుకాణం వాళ్లు, పేరైనా తెలియని ఒక ముసలమ్మ... అందరూ ఈ గదిలోకే. గుడి సేవ చేసే ఇల్లు. ఆ పూట మడి లేదు, మైల లేదు.

ఇంకొక్కసారి వెళ్లాడు.

మోకు తేలికైపోయింది.

"మనిషీ రాలె. తలుపూ రాలె." గోదా కళ్లలో నీళ్లు లేవు. "గని గీ గదిల ఉన్నోళ్లందరు బతికిండ్రు. వాళ్ల పిల్లలు గిప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడ్తరు. ఆయన తెరిచిపెట్టి పోయిండు బిడ్డా... నేనెట్ల మూస్త?"

కోమలవల్లి కిందికి చూసింది. తన కాళ్ల కిందిది ఎందరు నిలబడ్డ నేల!

"నీ గది. నీ ఇష్టం," అంది గోదా. "నేను వద్దనను."

"కొలవాల్నా అమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

"కొలువు," అంది కోమలవల్లి.

గోదా మొహం తిప్పుకుంది. కోమలవల్లి ఎల్లప్పకు ఇంకా చెబుతూనే ఉంది.

"మంచి టేకుతోటి చెయ్యి. గని... గడియ పెట్టకు. లోపట పెట్టకు, బయట పెట్టకు. ఎవరొచ్చి తోసినా తెరుచుకోవాలె."

గోదా మెల్లగా ఇటు తిరిగింది. పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు పలకని నోరు —

"నువ్వు వామన్‌రావు మనుమరాలివే," అంది, మేడంతా వినబడేలా.