ఒంటి నక్షత్రం మాటలు

ఆరిన బట్టలు మంచం మీద కుప్ప పోసుకుని మడతలు పెడుతున్నాను. పక్కనే బల్ల దగ్గర మా కోడలు కంప్యూటర్ ముందు కూర్చుంది. అందులోంచి ఆఫీసులో ఆమెకి పని అప్పజెప్పే లీడ్ గొంతు వస్తోంది. "కామెంట్లే కదా మేడమ్. మీకైతే ఓపిక ఎక్కువ. సాయంత్రంలోగా సర్దేయండి."

ఓపిక ఎక్కువ అన్న మాట చెవిన పడగానే నా చేతిలో అబ్బాయి చొక్కా అలాగే ఉండిపోయింది. మా అత్తగారు అంట్లగిన్నెలన్నీ నా ముందుకు తోసినప్పుడల్లా ఆ మాటే అనేది. పొగుడుతోందనుకుని మురిసిపోయేదాన్ని కూడాను, పిచ్చిదాన్ని.

కోడలు ఇదివరకు కంప్యూటర్ చెయ్యాల్సిన అసలు పనే రాసేది. దాన్నే కోడ్ అంటారు. నాకు తుంటి ఎముక విరిగితే చూసుకోవడానికి సెలవు పెట్టింది. తిరిగి వెళ్ళేసరికి ఆ పని వేరేవాళ్ళ చేతికి పోయింది. వాళ్ళు హడావుడిగా రాసిపడేసినదానికి వివరాలు, అవే ఆ కామెంట్లు, రాసే పని ఈమెకి మిగిలింది. నేను చదివింది మూడో తరగతి. అయినా విసుక్కోకుండా చెప్పింది.

"యంత్రానికి చెప్పే మాటల మధ్యలో, తర్వాత వచ్చే మనుషుల కోసం రాసిపెట్టే మాటలు అత్తయ్యా ఇవి. యంత్రం వీటిని దాటిపోతుంది."

"మరి ఎవరికోసం రాస్తున్నట్టు?"

"ఇంకో యంత్రం వచ్చి వీటిని ఏరుకుని పుస్తకంలా పేరుస్తుంది. మొదట్లో గీత పక్కన రెండు నక్షత్రాలు ఉంటేనే తీసుకుంటుంది. ఒక్కటే ఉంటే అక్కడేమీ లేనట్టు వెళ్ళిపోతుంది."

దానికో పద్ధతి ఉంది. ఈ పని ఏం చేస్తుందో ముందు ఒక్క వాక్యంలో చెప్పాలి. తర్వాత లోపలికి ఏమేం పోతాయో, బయటికి ఏం వస్తుందో. అడుగున రాసినవారి పేరు. ఒకరోజు పైకి చదివింది: "లోపలికి పోయేవి: పేరు, వయసు, చిరునామా, సంతకం. బయటికి వచ్చేది: ఏమీ లేదు."

"ఇది అచ్చం నా కాపురంలాగే ఉందే" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. అప్పటికింకా నవ్వేది.

ఆ తర్వాత లీడ్, ఆమె పేరున్న ప్రతిచోటా తన పేరు పెట్టుకుంటానన్నాడు. "ఎవరి పేరుంటే ఏముంది మేడమ్, టీమంతా ఒకటే కదా."

"ఒకటే అయితే నా పేరే ఉంచండి అని అనలేకపోయావా?" అన్నాను.

"అన్నాను అత్తయ్యా, మనసులో."

లైటు సంగతి కోడలిదాకా వచ్చింది ఆ వారంలోనే. మా ఇంట్లో పడగ్గదులకీ ముందుగదికీ మధ్య కిటికీ లేని నడవా ఒకటి ఉంది. పట్టపగలు కూడా చీకటే. మనిషి అలికిడికి దానంతటదే వెలిగే లైటు అబ్బాయి ఏళ్ళ క్రితమే అక్కడ పెట్టించాడు. వాడు వస్తే వెలుగుతుంది. పక్కింటి పిల్లి దూరినా వెలుగుతుంది. నాకు మాత్రం పెట్టిన నాటినుంచీ వెలగదు. పొట్టిదాన్ని, మెల్లిగా నడుస్తాను, అందుకే కాబోలనుకున్నాను. "చెయ్యి ఊపమ్మా" అన్నాడు అబ్బాయి. ఊపాను. నా ఇంట్లో నేను నడవడానికి లైటుని బతిమాలుకోవాల్సి వచ్చింది. అయినా వెలగలేదు. గోడ తడుముకుంటూ తిరగడం అలవాటు చేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం నడవాలో గ్లాసు భళ్ళుమంది. వెళ్ళి చూస్తే చీకట్లో కోడలు నిలబడి ఉంది, కాళ్ళ దగ్గర టీ మడుగు. "నాక్కూడా వెలగలేదు అత్తయ్యా" అంది. ఎలక్ట్రీషియన్ వచ్చి అటూ ఇటూ నడిచాడు. నడిచిన ప్రతిసారీ వెలిగింది. "బంగారంలా ఉందండీ" అని చేతులు దులుపుకుని వెళ్ళాడు. అతను గడప దాటగానే లైటు ఆరిపోయింది. చీపురు పట్టుకుని గాజుముక్కలు ఊడుస్తున్న కోడలు ఆ చీకట్లోనే ఉండిపోయింది. చీపురు చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

తర్వాత కంప్యూటర్ వంతు. అందులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడేటప్పుడు ఇంట్లో సామాను కనపడకుండా వెనక ఒక బొమ్మ పెట్టుకుంటారు. ఆ బొమ్మ ముందు ఆమె భుజాల మీదికి పాకింది. మర్నాడు చెంపల మీదికి. ఆ పైన నేను తొంగి చూసినప్పుడు స్క్రీన్ మీద బొమ్మ, కుర్చీ అంచు కనపడుతున్నాయి, అంతే. మనిషి మాత్రం నా ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఉన్నారా మేడమ్?" అన్నాడు లీడ్.

"ఉన్నానండీ."

"గొంతు వస్తోంది, చాల్లెండి."

మాటలయ్యాక కోడలు తన చెంప తడిమి చూసుకుంది. "నేను ఉన్నానా అత్తయ్యా?" అంది. వేళాకోళానికి అనలేదు. ఆ అనుమానం నాకు కొత్త కాదు.

మా ఆయన బతికున్న రోజుల్లో గుమ్మంలోకి ఎవరైనా వచ్చి "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంటే, నేను నీళ్ళ చెంబుతో ఆయన పక్కనే నిలబడి ఉండగానే "ఎవరూ లేరు, రండి" అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను, ఆయన ఆ మాట అన్నప్పుడల్లా వంచిన తల ఎత్తకుండా నా చేతులు చూసుకునేదాన్ని. కొన్నిసార్లు చెంబు ఒక్కటే కనపడేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే మతి చలించిందంటారు. ఆరోజు కోడలికి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే తాకి చూసింది.

ఇదిగో, ఇవాళ మళ్ళీ లీడ్ గొంతు. కామెంట్లలో ఏదో తప్పుందట, పుస్తకం ఖాళీగా వస్తోందట. పనుల పేర్లున్నాయి, వాటి కింద ఒక్క ముక్కా లేదు. రేపు పైవాళ్ళు చూస్తారు. కోడలు స్క్రీన్ మీదికి వంగి చాలాసేపు చూసింది.

"ఏమైందే?"

"ఈయన నా పేరు తీసి తన పేరు అన్నిచోట్లా ఒక్క దెబ్బకి పెట్టబోయి, మొదటి వరుస కూడా మార్చేశారు. రెండో నక్షత్రం ఎగిరిపోయింది. నేను రాసిందంతా అక్కడే ఉంది అత్తయ్యా. ఆ ఏరుకునే యంత్రానికే కనపడటం లేదు."

అని నడవా వైపు చూసింది. నేనూ చూశాను.

"సరిచేస్తే?"

"కనపడుతుంది. ఆయన రాసినట్టు."

కుర్చీ ముందుకి లాక్కుంది. టకటకా కొట్టుకుంటూ పోయింది. నేను దుప్పట్లు మడిచాను, తువ్వాళ్ళు మడిచాను, ఆమె చీరలూ నా చీరలూ మడిచాను. అబ్బాయి చొక్కాలు మిగిలాయి. వాటి మీదికి చెయ్యి పోలేదు.

పొద్దు వాలేవేళకి ఆమే లీడ్‌కి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. "సరిచేశానండీ. చూడండి."

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వచ్చింది. "మేడమ్, అంతా వచ్చింది. కానీ నా పేరు కనపడట్లేదు."

"ఉందండీ. నేనేమీ తీసెయ్యలేదు. విడిగా, ఒక్క నక్షత్రం కింద పెట్టాను. కోడ్ లోపలికి వచ్చి చదివేవాళ్ళకి కనపడుతుంది."

"మరి పుస్తకంలో?"

"పుస్తకంలో రాసినవాళ్ళ పేరు ఉందండీ."

"రేపు మాట్లాడదాం" అని పెట్టేశాడు.

"ఉద్యోగం ఉంటుందా తల్లీ?" అన్నాను.

"అది పోతే ఇంకోటి చూసుకుంటాను. నేను పోతే ఎక్కడ వెతుక్కోను అత్తయ్యా?"

లేచి నడవాలోకి వెళ్ళింది. లైటు వెలిగింది. ఆమె కదలకుండా, తల వెనక్కి వాల్చి, వానలో నిలబడ్డట్టు ఆ వెలుతురులో నిలబడింది. తర్వాత పక్కకి తప్పుకుంది. లైటు ఆరేదాకా ఆగి, "ఇప్పుడు మీరు" అంది.

నాకు భయం వేసింది. వెలగకపోతే? ఇన్నేళ్ళూ పొట్టిదాన్ని కాబట్టి అని సరిపెట్టుకున్నాను, ఇక ఆ మాట కూడా చెల్లదు. ఖాళీ చేతులతో వెళ్ళలేక మడవని చొక్కాల కుప్ప గుండెలకి హత్తుకుని చీకట్లోకి నడిచాను. గోడ పట్టుకోలేదు. చెయ్యి ఊపలేదు. నడిమధ్యన ఆగి, అత్తింటికి వచ్చాక ఎవ్వరూ పిలవని నా పేరు నేనే పైకి అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది. లైటు వెలిగింది.

కోడలు వచ్చి నా పక్కన నిలబడింది. అప్పుడే వీధి తలుపు తీసుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అబ్బాయి లోపలికి వచ్చాడు. నడవా మొదట్లో ఆగి సూటిగా మా వైపు చూశాడు.

"ఇంటికి వచ్చేయండి, ఎవరూ లేరు" అన్నాడు ఫోన్లో. అచ్చం వాళ్ళ నాన్న గొంతు. "లైటొకటి ఊరికే వెలుగుతోంది."

తల వంచి నా చేతులు చూసుకున్నాను. ఉన్నాయి. ముడతలతో, మచ్చలతో, శుభ్రంగా ఉన్నాయి. ముందుకి వెళ్ళి చొక్కాల కుప్ప వాడి చేతుల్లో పడేశాను.

వాడు ఉలిక్కిపడ్డాడు. ఫోన్ కింద పడింది. నన్నూ కోడల్నీ మార్చి మార్చి చూసి, అడిగాడు. "మీరిద్దరూ ఎప్పుడొచ్చారు?"

"నువ్వు పుట్టకముందే వచ్చాను నాన్నా" అన్నాను.