అద్దం మీది మంచు

ఆ ఇంట్లో గొడవ వంటింటి గుడ్డ దగ్గర మొదలైంది. స్టవ్ తుడవడానికి కోడలు అంచులు కుట్టి మరీ పెట్టుకున్న మెత్తటి తెల్లగుడ్డ ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. తర్వాత దొరికింది గానీ, దాని వాలకం చూస్తే దొరక్కపోయినా బాగుండేదనిపించింది. ఎన్ని నీళ్ళు పోసి ఉతికినా జిడ్డు వదల్లేదు.

"గుడ్డముక్క కోసం పొద్దున్నే పంచాయితీనా?" అన్నాడు భర్త, ఆఫీసు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

"మీ చొక్కాతో స్టవ్ తుడుస్తాను, అప్పుడు ఇదే మాట అనండి," అంది కోడలు.

అత్తగారు ఆ గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఇది తన సవతి పనేనని తేల్చేశారు. సవతి అంటే వాకిట్లో ఉన్న పాత పికప్ ట్రక్కు. కట్టుకున్న పెళ్ళాం కన్నా దానికే ఎక్కువ సేవలు జరిగాయని మామగారి మీద ఆవిడకు ఏనాటి నుంచో ఉన్న ఫిర్యాదు.

మామగారు కాఫీ కప్పులోంచి తలెత్తకుండానే నేరం ఒప్పుకున్నారు. పొద్దున పూట ట్రక్కు ముందు అద్దం మసకబారుతోందట. తుడవడానికి చేతికందింది పట్టుకెళ్ళారట.

కొడుకు ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టాడు. తండ్రి ముఖంలోకి చూడకుండా అన్నాడు: "అద్దం కాదు నాన్నా. కళ్ళు."

కొండవాలు తోటల నుంచి పండ్ల పెట్టెలు దించి, ఊళ్ళో దుకాణాలకు చేరవేయడం మామగారి పని. హారన్ విని ఎవరొచ్చారో దుకాణాలవాళ్ళు చెప్పగలిగేంత కాలంగా చేస్తున్న పని. ఈమధ్య ఒక దుకాణం గేటు స్తంభానికి ట్రక్కును రాసుకుపోనిచ్చారు. స్తంభానికేమీ కాలేదు, ట్రక్కుకు గీత పడింది, కొడుకు గుండెలో రాయి పడింది. అప్పటి నుంచి తాళంచెవి తనకిచ్చెయ్యమని వెంటపడుతున్నాడు. ఆదివారం భోజనాల దగ్గర ఏదో ఒక మాట చెప్పెయ్యమని గడువు కూడా పెట్టాడు. కోపంతో అడిగితే పోట్లాడవచ్చు. ప్రేమతో అడిగేవాడితో ఏం పోట్లాడతారు? మామగారు కప్పు కడిగి బోర్లించారు.

మగవాళ్ళిద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక కోడలు ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. పాలు విరగబోతున్నాయని పాల కన్నా ముందే చెప్పే ముక్కు ఆమెది. తియ్యటి వాసన తగిలింది. ఆ తీపి ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. ట్రక్కులో అది చాలాకాలంగానే ఉంది. ఏదో పండు జారిపడి కుళ్ళుతోందని సీటు పీకి మరీ వెతికారు. ఏమీ దొరకలేదు. పండ్ల బండి తియ్యగా కాక చేపల వాసన వేస్తుందా అని అత్తగారు నవ్వేశారు, అంతటితో ఆ విషయం మూలపడింది. కానీ పండు తీపికి వయసుంటుంది, రోజులు గడిచేకొద్దీ పులుస్తుంది. ఈ తీపి పులవలేదు. మొదటి రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

మామగారు తిరిగి రాగానే ట్రక్కులో పక్క సీట్లో కూర్చుని, హీటర్ వెయ్యమని అడిగింది. చలికాలం కావడంతో ఆయన రోజూ వేసేదే. వేడిగాలితో పాటు ఆ వాసన గుప్పున ముఖానికి కొట్టింది, గొంతులో జీరలా నిలిచింది. అద్దం మీద వేలు రాస్తే నూనె రాసినట్టు జారింది.

"మావయ్యా, అద్దం నిజంగానే మసకగా ఉంది," అంది.

ఆయన స్టీరింగు మీది అరిగిన చోటును బొటనవేలితో రుద్దారు. "పొద్దున పూట దారంతా పొగమంచే తల్లీ," అన్నారు. "అది అందరికీ ఉందో, నాకొక్కడికే ఉందో తెలిసేది కాదు. అడుగుదామంటే భయం. ఎవరికీ లేదంటారేమోనని."

ఇంత పెద్ద మనిషి ఇంత చిన్న మాటను ఎన్ని ఉదయాలు ఒంటరిగా మోశారో కదా అనుకుంది కోడలు.

ఇద్దరూ ట్రక్కును షెడ్డుకు తీసుకెళ్ళారు. ఊళ్ళో వాళ్ళంతా పానా అని పిలిచే మెకానిక్కు బానెట్ ఎత్తి వాసన చూసి, ఇది ఇంజను చల్లబరిచే కూలెంట్ వాసనేనన్నాడు. రేడియేటర్‌కు పంపు బిగించి ఒత్తిడి పెట్టాడు. పైపులన్నీ తడిమాడు. బయట చుక్క కూడా కారలేదు. మూత పాతబడిందని కొత్త మూత పెట్టి, ఇక రాదు పొమ్మన్నాడు. వాళ్ళు రోడ్డు మలుపు తిరగక ముందే వాసన మళ్ళీ వచ్చింది.

శనివారం కొడుక్కి సెలవు. బండి నడపడం మానెయ్యమని మెకానిక్కు చేత కూడా చెప్పిస్తే తండ్రి వింటాడన్న ఆశతో అతనూ షెడ్డుకు వచ్చాడు. పానా విసుక్కున్నాడు. చుక్క కారకుండా వాసన ఎక్కడి నుంచి వస్తుందమ్మా అన్నాడు. బానెట్ దగ్గర నిలబడితే వాసన ఏమంత లేదనీ, తలుపులు మూసి హీటర్ వేస్తేనే కమ్ముకుంటోందనీ కోడలు చెప్పింది. పానా ఎగతాళిగా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు. వంగి పక్క సీటు ముందున్న రబ్బరు పట్టా ఎత్తి, కింది తివాచీ నొక్కాడు. వేళ్ళు తడిశాయి. ఎక్కినవాళ్ళ బూట్ల తడి అనుకున్నానని మామగారు గొణిగారు.

డాష్‌బోర్డు వెనకాల ఇంకో రేడియేటర్ ఉంటుందని అప్పుడు చెప్పాడు పానా. అరచేతులు రెండూ కలిపితే ఎంతో అంతే. ఇంజనులో కాగిన నీళ్ళే దానిలోంచి తిరిగి వెళతాయి, ఫ్యాను దాని మీదుగా గాలి ఊదుతుంది, అదే లోపల మనకు తగిలే వెచ్చదనం. అది చిల్లిపడి ఉండాలి. ఇన్నేళ్ళుగా ఎక్కి దిగుతున్న బండిలో, తన మోకాళ్ళకు జానెడు దూరంలో, వేడినీళ్ళ ప్రవాహం ఒకటి రానూపోనూ సాగుతోందని కోడలికి తెలియనే తెలియదు.

పానా ఊదారంగు టార్చి ఒకటి తెచ్చాడు. కూలెంట్‌లో కలిపే రంగు ఆ వెలుగుకి మెరుస్తుందట. పట్టపగలు కనపడదు కాబట్టి ట్రక్కు మీద నల్లటి టార్పాలిన్ కప్పారు. మామగారు గాలికి అది ఎగరకుండా బయట అంచు పట్టుకుని నిలబడ్డారు. కోడలు, భర్త, పానా లోపల ఇరుక్కుని తలుపులు వేసుకున్నారు.

టార్చి వెలిగింది. డాష్‌బోర్డు కింద, తివాచీ అంచున, లేత ఆకుపచ్చ గీత ఒకటి మిణుగురులు వరస కట్టినట్టు మెరిసింది. "దొరికింది దొంగ," అని పానా వెలుగును పైకి తిప్పాడు.

ముగ్గురూ ముందుకు వంగారు.

ముందు అద్దమంతా వెలుగుతోంది. ఫ్యాను ఊదిన ఆవిరి అద్దానికి అంటుకుని, పొర మీద పొరై, ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆకుపచ్చటి వెన్నెల పరిచినట్టు ఉంది. చీకటి గర్భంలో కూర్చుని కొత్త ఆకాశాన్ని చూస్తున్నట్టు అనిపించింది కోడలికి. పక్క సీటు వైపు ఆ పొరను ఎవరూ తాకలేదు. డ్రైవరు వైపు మాత్రం గీతలే గీతలు. చొక్కా చేతితో రుద్దిన వంపులు, తన వంటింటి గుడ్డ ఈడ్చిన చారలు, వాటి మీద మళ్ళీ అరచేతి తుడుపులు. అన్నిటి నడుమ, కళ్ళ ఎత్తున, పళ్ళెమంత గుండ్రటి చోటు. మళ్ళీ మళ్ళీ తుడిచి తుడిచి నల్లగా మిగుల్చుకున్న చోటు. దాని అంచున అయిదు వేళ్ళూ విడివిడిగా అచ్చుపడి ఉన్నాయి.

అద్దం రాసిపెట్టుకుంది అన్నీ. ఆయన ఎవరికీ చెప్పుకోనివి కూడా.

భర్త మెల్లగా చెయ్యి చాచి ఆ వేళ్ళ అచ్చు మీద తన వేళ్ళు ఆనించాడు. సరిపోయాయి. పానా కాసేపు టార్చి కదపలేదు. రోజూ ఇనుముతో కుస్తీపట్టే మనిషి, గుసగుసగా, ఇలాంటిది తనెప్పుడూ చూడలేదన్నాడు.

టార్పాలిన్ తొలగించుకుని కొడుకు బయటికి వచ్చాడు. అంచు ఇంకా పట్టుకునే ఉన్న తండ్రి ఎదుట నిలబడ్డాడు.

"ఇంత కన్నంలోంచి చూస్తూ నడిపావా నాన్నా?"

"పండ్లు ఆగవు కదరా," అన్నారు మామగారు.

సాయంత్రానికల్లా డాష్‌బోర్డు విప్పి, చిల్లిపడ్డ చిన్న రేడియేటర్ తీసి కొత్తది బిగించాడు పానా. అద్దాన్ని కోడలే స్వయంగా కడిగింది, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఆదివారం ఉదయం ముగ్గురూ కొండదారిన వెళ్ళారు. మామగారు స్టీరింగు దగ్గర, కోడలు నడుమ, కొడుకు తలుపు వైపు. హీటర్ వేస్తే వట్టి వెచ్చదనమే వచ్చింది. పొగమంచు లోయలో మాత్రమే ఉంది, ఉండాల్సిన చోట. పెంకుల మీది నాచు, తీగ మీద పిట్ట, దూరపు తోటలో ఆకు రాల్చిన ఒక్కో కొమ్మ, అన్నిటినీ ఆయన, ఎవరో ఇప్పుడే తయారుచేసి పెట్టినట్టు చూశారు. "ఇదంతా ఇక్కడే ఉందా?" అని తనలో తానే అనుకున్నారు. మలుపులో దూరంగా ఒక బోర్డు వచ్చింది. దాన్ని చూస్తూ ఆయన కళ్ళు చికిలించడం కోడలు చూసింది, ఏమీ అనలేదు. కొడుకు చూశాడో లేదో ఆమెకు తెలియలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తూ, సవతికి ఒళ్ళు నయమైందట, ఇక ఈ ఇంట్లో తన సంగతి అడిగేవాళ్ళే ఉండరన్నారు. నవ్వులు సద్దుమణిగాక కొడుకు గొంతు సవరించుకున్నాడు. తాళం సంగతి తను అడిగింది తప్పనీ, అది తండ్రి దగ్గరే ఉండాలనీ మొదలుపెట్టాడు.

మామగారు ఎడమచెయ్యి ఎత్తి ఆపారు.

"తొందరపడకు. మంచు అద్దం మీదుందని తేలింది, సంతోషం. కళ్ళలో లేదని ఇంకా తేలలేదు. ఇవాళ మలుపు దగ్గర బోర్డు చదివింది నా కళ్ళు కాదు, నా అలవాటు." ముద్ద కలుపుతూ కోడలి వైపు తిరిగారు. "బండికి లైటేసి చూశాం కదా, ఇక నాకూ వేయిద్దాం. రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి నన్ను నువ్వే తీసుకెళ్ళాలి తల్లీ. వద్దని ఆయనంటే తాళం తెచ్చి నేనే వీడి చేతిలో పెడతాను. నడపొచ్చు అంటే మాత్రం, ఒరే అబ్బాయ్, మళ్ళీ ఎప్పుడూ నువ్వు అడగకూడదు."

"అడగను నాన్నా," అన్నాడు కొడుకు.