తొక్కల కింది గాలి

పాలకీడు దాటాక రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డూ, దాని వెనక నల్ల ద్రాక్ష తోటా వీరేశం, జానకమ్మ దంపతులవి. కోతలయ్యాక వీరేశం తోటలోకంటే వైను పట్టే ఆ షెడ్డులోనే ఎక్కువగా ఉండేవాడు. నలిపిన ద్రాక్ష ట్యాంకులో పులుస్తుంటే తొక్కలన్నీ పైకి తేలి దట్టంగా పేరుకుంటాయి. వాటిని మళ్లీ మళ్లీ రసంలో ముంచకపోతే రంగు దిగదు, పైపొర ఎండి వైనంతా వెనిగరవుతుంది. అందుకే ట్యాంకు మీద చెక్క పలక వేసుకుని నిలబడి, పొడవాటి కర్రతో వాటిని అదిమేవాడు.

"గాలి మిషన్ పెట్టిద్దామయ్యా. అడుగు నుంచి గాలి కొడితే తొక్కల పొర అదే పగులుతదంట," అని జానకమ్మ అంటే నవ్వేవాడు.

"మిషన్‌కు ముక్కుంటదా? నేను వంగి వాసన సూస్తేనే లోపల ఏమైతున్నదో తెలుస్తది."

ఒకరోజు వంగినవాడు వంగినట్టే లోపల పడ్డాడు. పులిసే రసంలోంచి లేచిన, ఊపిరాడనివ్వని గ్యాసు ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. పనివాడు మట్టయ్య కేక విని పరుగెత్తుకొచ్చిన జానకమ్మ నిచ్చెన ఎక్కబోతే, అతను ఆమె రెక్క పట్టి లాగాడు.

"ఎక్కకక్కా, నువ్వు గూడ పోతవు!"

అతను ట్యాంకు కిందితలుపు తీసేశాడు. ఎర్రటి రసం షెడ్డంతా పారింది. అందులోంచే మనిషిని బయటికి ఈడ్చారు.

మిర్యాలగూడ దవాఖానలో ప్రాణం నిలబడింది. మెదడుకు మాత్రం చాలాసేపు ఊపిరి అందలేదని, పోయిన తెలివి తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడు. జానకమ్మ నమ్మలేదు. షెడ్డు వాసన తగిలితే మనిషి మనిషవుతాడనుకుంది.

మరుసటి ఏడు కోదాడ నుంచి గాలి కొట్టే కంప్రెసర్ తెప్పించి, ట్యాంకు అడుగుకు పైపులు బిగించింది. తొక్కలు పైకి తేలిన రోజున వీరేశాన్ని ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మట్టయ్య వాల్వు తిప్పాడు. లోపల పెద్ద బుడగ లేచిన చప్పుడైంది. నిచ్చెన మీదున్న జానకమ్మకు ట్యాంకు మీదికి వంగకుండానే కనిపించింది: తొక్కల పొర ఉబ్బి, పగిలి, తిరగబడి రసంలో మునిగింది.

"ఒక్క దెబ్బకే! ఇగ మనిషి వంగే పనే లేదక్కా," అన్నాడు మట్టయ్య సంబరంగా.

వీరేశం చెవులు మూసుకుని వణుకుతున్నాడు. జానకమ్మ గబగబా దిగి వీపు నిమిరింది. కింది కుళాయి నుంచి గ్లాసెడు రసం పట్టి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"జర వాసన సూడు. ఎట్లున్నది?"

అతను వాసన చూడలేదు. గటగటా తాగి, గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకిన్ని నీళ్లు పొయ్యి."

మట్టయ్య అటు తిరిగాడు. జానకమ్మ గ్లాసు పక్కన పెట్టి, అతని గడ్డం మీద కారిన రసాన్ని కొంగుతో తుడిచింది.

"ఇంటికి పోదామా?"

"ఎవలింటికి?" అన్నాడు వీరేశం.

జానకమ్మ "మా ఇంటికే, రా," అని చెయ్యి పట్టి లేపింది. పరాయి మనిషి వెంట నడిచినట్టు బెరుకు బెరుకుగా నడిచాడు.

ఆ ఏటి వైను బాగా కుదిరిందని, రంగు చక్కగా దిగిందని సూర్యాపేట నుంచి వచ్చి కొన్నవాళ్లు మెచ్చుకున్నారు. జానకమ్మ ఒక్క గుక్క కూడా నోట పెట్టలేదు. తర్వాతి పూతకు ముందే తోటా షెడ్డూ కౌలుకిచ్చేసింది.