పద్దెనిమిదో నంబరు తలుపు

పొద్దున్నే స్టేషన్ వెనక వరండాలో మైదా జిగురు ఉడికేది. హోంగార్డు దాన్ని కర్రతో కలుపుతుంటే, రైటర్ ఆ రోజు లిస్టు ముందేసుకుని డోర్ నంబర్లు పైకి చదివేవాడు. ఎవరి పరీక్షలో జబ్బు తేలిందో వాళ్ళ ఇళ్ళ నంబర్లు ఆరోగ్యశాఖ పంపేది. పోలీసులు వెళ్ళి ఆ తలుపుల మీద ఎర్రంచు నోటీసు అంటించాలి. పద్నాలుగు రోజులు ఆ ఇంట్లోంచి ఎవరూ బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి పోకూడదు.

మిగతా కానిస్టేబుళ్ళు అంటిస్తే అది కాగితమే. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే జనం తలుపు తీసుకుని సరుకులకు పోయేవాళ్ళు. హెడ్ కానిస్టేబుల్ అంటిస్తే తలుపే ఉండేది కాదు. ఆయన అరచేత్తో నాలుగు మూలలూ అదిమి చెయ్యి తీసేసరికి తలుపు, గడప, ద్వారబంధం అన్నీ గోడలో కలిసిపోయేవి. వెనక తలుపుంటే అదీ పోయేది. గోడ మీద కాగితం మిగిలేది, కిటికీలు మిగిలేవి. గడువయ్యాక ఆయనే వచ్చి పీకితే తలుపు మళ్ళీ వచ్చేది. అంటించిన చెయ్యి కాకుండా ఇంకే చెయ్యీ దాన్ని ఊడదీయలేదు. ఒక ఇంటివాళ్ళు గునపంతో గోడ కొడితే గునపం వంగింది. ఇంకొకరు కిటికీ ఊచ కోస్తే, కోసినంత మేరా గోడ మొలిచింది. పై అధికారులు ఆయన రికార్డులో ‘పనిలో కచ్చితం’ అని రాసి, తలనొప్పి వీధులన్నీ ఆయనకే వేశారు.

వీధుల్లో ఆయన పేరు గోడయ్య. ఎదురుగా హెడ్డుగారూ అనేవాళ్ళు, వెనక గోడయ్య అనేవాళ్ళు. ఆయన బైకు వినపడితే డాబాల మీది ఆడవాళ్ళు బకెట్లతో సిద్ధంగా ఉండేవాళ్ళు. నీళ్ళు ఆయన మీద పడేవి కావు, సరిగ్గా ఆయన ముందు పడేవి. ఆయన తలెత్తి ఆ ఇంటి నంబరు చూసుకునేవాడు. అలా చూస్తాడనే ఎవరూ ఆయన మీద పొయ్యలేదు.

ఒక సోమవారం రైటర్ చదవడం ఆపి, “ఇవాళ్టి నుంచి లిస్టులో అన్నీ కొత్త నంబర్లు. గుమ్మం మీద రంగుతో రాసినవి చూడకండి, నీలం రేకు చూసి అంటించండి. తర్వాత నన్ననకండి,” అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ విన్నాడు. విన్నట్టు తల కూడా ఊపాడు.

లిస్టులో ఆయన వాటాకు వచ్చిన వీధి కింద పద్దెనిమిదో నంబరుంది. కొత్త పద్దెనిమిది చెప్పుల షాపాయన ఇల్లు. పాత పద్దెనిమిది, అంటే నీలం రేకు మీద ముప్పై ఒకటి, టైలరమ్మ ఇల్లు.

టైలరమ్మతో ఆయనకు పాత తగాదా ఉంది. ఆంక్షలు మొదలైన వారంలో ఆమె భర్తను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రి నుంచి వస్తుంటే కూడలిలో ఆపాడు. ఆ భర్తకు రెండు కిడ్నీలూ పోయాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం డయాలసిస్ చేయించాలి. ఆమె పాసు చూపించింది.

“పాసు మీద నీ పేరే ఉంది. ఆయన పేరేది?” అన్నాడు హెడ్.

“పేషెంటు ఆయన. ఆయన్ని ఇంట్లో దిగబెట్టి నేనొక్కదాన్నే పోయి ఏం కడిగించుకోను? నా బుర్రా?” అంది టైలరమ్మ.

కూడలిలో అందరూ నవ్వారు. ఆయన పక్కన నిలబడ్డ కానిస్టేబుళ్ళూ నవ్వారు. ఆయన లాఠీతో స్కూటరు లైటు పగలగొట్టాడు. ఆమె పై ఆఫీసులో అర్జీ పెట్టింది. మూడు రోజులు ఆయన అధికారి గది బయట నిలబడాల్సి వచ్చింది. చివరికి ‘ఆరోపణ నిరాధారం’ అని తేల్చారు గానీ, స్టేషన్లో టీ తాగే వేళ ఎవరో ఒకరు, “ఏం హెడ్డుగారూ, బుర్ర కడిగించుకొచ్చారా?” అనడం మాత్రం ఆగలేదు.

ఆ సోమవారం ఆయన ఆ ఇంటి ముందు బైకు ఆపాడు. గుమ్మం మీద నల్లరంగు పద్దెనిమిది చూశాడు. పక్కన నీలం రేకు మీద ముప్పై ఒకటి చూశాడు. లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బ్రష్షు జిగురులో ముంచి, కాగితం అంటించి, నాలుగు మూలలూ అదిమాడు.

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. టైలరమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి చేతిలో పట్టుకుంది.

“ఏమయ్యా, మాకెవరు పరీక్ష చేశారు? మా ఇంటికి ఎవరూ రాలేదే.”

“లిస్టులో ఉంది.”

“ఏదీ, ఆ లిస్టు ఇలా చూపించు.”

“నీకు చూపించాలని రూలు లేదు.”

“రేపు ఆయనకు డయాలసిస్. తెలుసుగా నీకు?”

“ఆరోగ్యశాఖకు ఫోన్ చేసుకో,” అని ఆయన బైకెక్కాడు.

ఆమె చేసింది. తమ లిస్టు సరిగ్గానే ఉందని ఆరోగ్యశాఖ వాళ్ళు అన్నారు. పోలీసులనడగమన్నారు. స్టేషన్‌కు చేస్తే, నంబర్లిచ్చేది ఆరోగ్యశాఖ గనక వాళ్ళనే అడగమన్నారు. మంగళవారం అలా గడిచిపోయింది.

బుధవారం పొద్దున ఆమె కిటికీ ముందు పదిమంది పోగయ్యారు. హెడ్ జనాన్ని చెదరగొట్టడానికి లాఠీతో దిగాడు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు, ఎవరూ పోలేదు. చెప్పుల షాపాయన అందరికన్నా ముందున్నాడు.

“జబ్బు మనిషిని గోడలో పెట్టడమేంటయ్యా, అన్యాయం కాదూ? నన్నడిగితే ఈ పోలీసులకు చెయ్యాల్సిన పని చేతకాదు. సోమవారం నాకు ఫోనొచ్చింది, మీకు జబ్బు తేలింది, పోలీసులొస్తారు, ఇంట్లోనే ఉండండీ అని. ఉన్నాను. ఎవడొచ్చాడు? చూసి చూసి కాళ్ళు పట్టేసి, పాలకోసం బయటికొచ్చాను.”

జనం ఆయన చుట్టూ గుండ్రంగా ఖాళీ చేశారు. ఆయనకు అది అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“నీ ఇంటి నంబరెంత?” అని కిటికీలోంచి టైలరమ్మ అడిగింది.

“పద్దెనిమిది. కొత్త పద్దెనిమిది.”

అందరూ హెడ్ వైపు తిరిగారు. ఆయన, “పొరపాటు జరిగినట్టుంది, కనుక్కుంటాను,” అన్నాడు. అక్కడి నుంచే ఎస్సైకి ఫోన్ చేశాడు. ఎస్సై ఆయన కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడు.

“ఏంటయ్యా, పొరపాటా? మనకు పొరపాట్లుండవు. ఆ చెప్పులాయనకి ఇంకో నోటీసు వెయ్యి. ఈవిడది ఉండనీ. నర్సును పంపిస్తా, కిటికీలోంచి శాంపిల్ తీసుకుంటుంది. జబ్బు తేలిందనుకో, గొడవే లేదు.”

“మొగుడు కిడ్నీ పేషెంటు సార్.”

“అంటించే ముందు తెలీదా? ఒక్క కాగితం పీకితే రేపు ఊరంతా పీకమంటుంది. ఆర్డర్ వచ్చేదాకా ముట్టుకోకు.”

ఆయన చెప్పుల షాపాయన ఇంటికి నోటీసు వేసి వెళ్ళిపోయాడు. శాంపిల్ ఫలితం శనివారం వస్తుందన్నారు.

గురువారం సాయంత్రం టైలరమ్మ భర్త పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరాడట్లేదు. ఆమె అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మిషను బల్ల మీద దిండు వేసి, దాని మీదికి వంచింది. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది. అతను గుక్కెడు నీళ్ళు కూడా తాగడం మానేసి, తడిగుడ్డతో నాలుక తుడుచుకుంటున్నాడు. శుక్రవారం కూడా రాకపోతే ఇక తమ పూచీ లేదని ఆస్పత్రి నర్సు ఫోన్లో చెప్పేసింది.

శుక్రవారం పొద్దున హెడ్ ఆ కిటికీ ముందుకొచ్చాడు. లోపలి ఊపిరి రంపం కోతలా వీధిలోకి వినపడుతోంది. ఆయనకు కలిగింది జాలే కావచ్చు. మనిషి ఆ గోడ వెనక పోతే, పాత అర్జీ పక్కన కొత్త అర్జీ పెట్టి చూస్తారన్న భయం మాత్రం కచ్చితంగా ఉంది. రెంటిలో ఏది ఎక్కువో ఆయన తేల్చుకోలేదు. సీసాలో నీళ్ళు కాగితం మీద చల్లి, మూలలు గోటితో లేపి, నెమ్మదిగా పీకాడు. జిగురు ఇంకా బంకగానే ఉంది. కాగితం ఊడుతున్నకొద్దీ గోడలోంచి ద్వారబంధం, గడియ, తలుపు బయటికొచ్చాయి.

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ గడప దాటి వచ్చి, ఆయన చేతిలోని తడి కాగితం లాక్కుని, ఆయన ఛాతీ మీద పెట్టి, అరచేత్తో నాలుగు మూలలూ అదిమింది. జేబు మీది పేరు బిళ్ళ కాగితం కింద కనపడకుండా పోయింది.

“చెదరకుండా అంటింది,” అంది. తర్వాత ఆయన వైపు చూడలేదు. భర్తను స్కూటరు మీద కూర్చోబెట్టి, పాత చీరముక్కతో తన నడుముకు కట్టుకుని ఆస్పత్రికి పోయింది.

హెడ్ స్టేషన్‌కు వెళ్ళాడు. మెట్లెక్కితే ఎదురుగా గోడ ఉంది. ఆయన పక్క నుంచే ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆ గోడలోకి నడిచి వెళ్ళారు. ఆయన చెయ్యి పెడితే సున్నం తగిలింది. ఎస్సై కిటికీ దగ్గరికొచ్చి ఆయన ఛాతీ మీది కాగితం చదివాడు.

“ఎవరు అంటించారు?”

“టైలరమ్మ సార్.”

“అయితే ఆవిడతోనే పీకించుకో. మంగళవారం సాయంత్రంలోగా లోపలికొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టు. లేకపోతే డ్యూటీ వదిలి పారిపోయావని రాస్తాను.”

“ఇక్కడే ఉన్నాను కదా సార్.”

“రిజిస్టర్ లోపలుంది కదా.”

చొక్కా విప్పితే కాగితం బనీను మీద ఉంది. బనీను విప్పితే చర్మం మీద ఉంది. ఇంటికెళితే ఇంటి తలుపు లేదు. భార్య కిటికీ ఊచల మధ్య నుంచి పళ్ళెం పట్టక, భోజనం ముద్దలు చేసి ఒక్కొక్కటే అందించింది.

“ఎన్నాళ్ళు?” అంది.

“ఆవిడ దయ.”

“ఎవరావిడ? లైటు పగలగొట్టారే, ఆవిడేనా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా కిటికీలోంచి దుప్పటి పడేసింది. ఆయన మూడు రాత్రులు పెరట్లో పడుకున్నాడు. శనివారం వచ్చిన ఫలితంలో టైలరమ్మకు గానీ భర్తకు గానీ జబ్బు లేదని తేలింది. ఆ మాట ఆయనకు చెప్పడానికి ఎవరూ రాలేదు, పెరట్లోంచే ఆరోగ్యశాఖకు ఫోన్ చేసి తనే కనుక్కున్నాడు.

సోమవారం టైలరమ్మ కిటికీ ముందు నిలబడ్డాడు. ఆమె మిషను తొక్కుతూనే ఉంది. భర్త లోపల్నుంచి, “పోనిద్దూ, తీసెయ్యరాదూ,” అన్నాడు.

“మీరు ఊపిరి పీల్చుకోండి ముందు,” అంది ఆమె. దారం కొరికి, కిటికీ వైపు తిరిగింది. “ఒక్కటి అడుగుతా. ఆ రోజు నీలం రేకు చూశావా, చూడలేదా?”

“పొరపాటమ్మా. పాత నంబరనుకుని…”

ఆమె మళ్ళీ మిషను తొక్కింది. ఆయన అరగంట నిలబడి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున ఆరుకే వచ్చాడు. కాగితం కింద ఛాతీ మండిపోతోంది, గడ్డం మాసింది. ఆమె డయాలసిస్ సంచి సర్దుతోంది. ఎదురు డాబాల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇవాళ వాళ్ళ దగ్గర బకెట్లు లేవు.

“చూశాను,” అన్నాడు ఆయన.

“వినపడలేదు.”

“నీలం రేకు చూశాను. కొత్త నంబర్లని పొద్దున్నే చెప్పారు. తెలిసే అంటించాను.”

సంచి జిప్పు లాగడం ఆగింది. లోపల భర్త కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతను ఈసారి తీసెయ్యమని అనలేదు.

టైలరమ్మ కొలతలు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో పాటు ఊచల మధ్య నుంచి చాపింది.

“అదే రాసివ్వు.”

“రాస్తే నా ఉద్యోగం పోతుంది.”

“రాయకపోతే ఇవాళ సాయంత్రం ఎలాగూ పోతుందటగా. వీధిలో ఇల్లిల్లూ చెప్పుకుంటున్నారు. పారిపోయానని పోగొట్టుకుంటావో, చేశానని పోగొట్టుకుంటావో నీ ఇష్టం. నాకు ఆస్పత్రి టైమవుతోంది.”

ఆయన కిటికీ గట్టు మీద పెట్టి రాశాడు. ఎన్నో పంచనామాలు రాసిన చెయ్యి గనక తేదీ, సమయం, వీధి, పాత నంబరు, కొత్త నంబరు అన్నీ వరసగా పడ్డాయి. ఆమె రెండుసార్లు చదివింది.

“‘పొరపాటున’ అని రాశావే ఇక్కడ. కొట్టెయ్యి.”

కొట్టేశాడు. పైన ‘తెలిసి’ అని రాసి, పొట్టి సంతకం చేశాడు. కింద మళ్ళీ పూర్తి సంతకం పెట్టాడు.

“ఇప్పుడు తీస్తావా?”

“వచ్చాక,” అంది ఆమె. ఆ కాగితాన్ని జాకెట్టులో దోపుకుని, భర్తను ఎక్కించుకుని వెళ్ళింది.

ఆయన ఐదు గంటలు ఆ వీధిలో నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కూర్చోమనలేదు. చెప్పుల షాపాయన తన కిటికీలోంచి దగ్గుతూ చూశాడు. ఎండ నడినెత్తికొచ్చి వాలింది.

స్టేషన్ వైపు నుంచి స్కూటరొచ్చింది. భర్త తనే దిగి, గోడ పట్టుకుని, నెమ్మదిగా లోపలికి నడిచాడు. టైలరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు విప్పుకున్నాడు. మెత్తగా తడపలేదు, ఒక్కసారిగా కొట్టింది. ఒక మూల పట్టుకుని లాగింది. కాగితంతో పాటు ఛాతీ మీది వెంట్రుకలూ వచ్చాయి. దాన్ని నలిపి కాలవలో పడేసి లోపలికెళ్ళింది. ఆమె పోగానే తలుపు మూసుకోవడం ఆయన చూశాడు. నాలుగు రోజుల తర్వాత ఆయనకు కనపడిన మొదటి తలుపు అది.

చొక్కా గుండీలు పెట్టుకుని ఆయన స్టేషన్‌కు నడిచాడు. మెట్ల పైన గోడ లేదు, తలుపు బార్లా తీసే ఉంది. లోపలికెళ్ళేసరికి రైటర్ తల దించుకున్నాడు. ఎస్సై బల్ల మీద, రిజిస్టర్ పక్కన, ఒక వైపు కొలతలూ రెండో వైపు ఆయన రాతా ఉన్న కాగితం విప్పి ఉంది.

“ఇది నీ చేతిరాతేనా?” అన్నాడు ఎస్సై. కాదనడానికి కాసింత వ్యవధి కూడా ఇచ్చాడు.

“నాదే సార్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్.