మోకాలి గంట

విశ్వనాథం నల్లదారం కొసను పటం మీద పడవరేవు దగ్గర బొటనవేలితో అదిమిపెట్టి, మిగతా దారాన్ని కొండదారి వంపుల వెంబడి మెల్లగా వెనక్కి నడిపిస్తున్నాడు. కొండలెక్కే వాళ్లకు దారులు గీసి ఇవ్వడం అతని ఉద్యోగం. అందరూ బయల్దేరే చోటు నుంచి గీస్తారు. అతను మాత్రం చేరే చోటు నుంచి మొదలుపెడతాడు. సరస్సు అవతలి ఒడ్డు నుంచి ఆఖరి పడవ ఎన్నింటికి ఉంది, దానికి ముందు అడవి దిగడానికెంత, అంతకు ముందు బండల మీద నడకెంత అని లెక్కించుకుంటూ పోయి, చివరికి పొద్దున ఎన్నింటికి లేవాలో తేలుస్తాడు. దిగలేని చోటికి ఎక్కకూడదన్నది అతని సిద్ధాంతం.

ఇవాళ అతనికి ఆఫీసులో ఆఖరి రోజు. అయినా ఏడున్నరకే వచ్చి, మాసిన గోధుమరంగు స్వెట్టర్ మోచేతుల దాకా ఎగదోసుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, అక్టోబరులో రాబోయే ఎవరో దంపతుల దారి కొలుస్తున్నాడు. కుడి మోకాలికి ఎప్పటిలాగే బిగుతు పట్టీ ఉంది. అరవై రెండేళ్ల మనిషి, పొట్టిగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. బెర్క్‌టెస్‌గాడెన్ స్టేషన్ ఎదురుగా రెండో అంతస్తులో ఉన్న ఈ చిన్న ఆఫీసులో పదకొండేళ్లుగా అదే కుర్చీ అతనిది.

పుట్టింది బేతంచెర్లలో. ఆ ఊరి నాపరాళ్ల గనుల్లో సర్వేయరుగా ఉన్నప్పుడే సున్నపురాయి స్వభావం అతనికి తెలిసింది. ఎంత వాన కురిసినా ఆ రాయి మీద నీళ్లు నిలవవు, పగుళ్లలోంచి లోపలికి పోతాయి. జర్మనీ కొసన ఉన్న ఈ కొండలదీ అదే జాతి. పైన కనుచూపు మేర తెల్లటి రాయి అలలు అలలుగా పరుచుకుని ఉంటుంది. ఇక్కడివాళ్లు దానికి రాతి సముద్రమని పేరు పెట్టుకున్నారు. పేరుకు సముద్రమే, గొంతు తడుపుకోవడానికి గుక్కెడు నీళ్లు దొరకవు. అందుకే అతను ఇచ్చే ప్రతి కాగితంలోనూ మొదటి వాక్యం ఒకటే. మనిషికి మూడు లీటర్లు.

ఇంత చెప్పే మనిషి ఒక్క కొండా ఎక్కలేదు. ఒకసారి భార్య హైమావతి బలవంతం మీద కొండ మీదికి వేలాడుతూ పోయే తీగబండి ఎక్కి, పైకి చేరేదాకా ఆమె కొంగు పట్టుకుని కళ్లు మూసుకుని, దిగీ దిగగానే తిరుగు బండిలో వచ్చేశాడు. ఒడ్డున కూర్చుని ఈత నేర్పే పంతులని హైమావతి అప్పటినుంచీ ఏడిపిస్తుంది. అతను కాదనడు. అనుమానం ముందు పుట్టి తరవాత అతను పుట్టాడు. అందుకే ప్రతి దారిలోనూ సగంలో ఒక చోటు చూసి, ఇక్కడ గంటసేపు కూర్చోండి అని రాస్తాడు. నొప్పి పుట్టే మోకాలు తనదైనా దాన్ని అందరి కాళ్లకూ తగిలించేశాడని ఆఫీసు చూసుకునే జర్మన్ ఆవిడ ఫ్రావు లేనర్ నవ్వుతుంది. ఆ గంటకు మోకాలి గంట అని పేరు కూడా ఆవిడే పెట్టింది.

గోడకు నిలువెత్తు పటం ఉంది. కొండ మీదికి ఒక జట్టు వెళ్లగానే ఎర్ర తల గుండుసూది ఒకటి దాని మీద గుచ్చుతాడు. వాళ్లు దిగామని ఫోన్ చేశాక పీకి, బిస్కెట్ల రేకు డబ్బాలో వేస్తాడు. ఇవాళ పటం మీద ఒకే ఒక్క సూది ఉంది. అది కెమ్నిట్జ్‌లో చదువుకుంటున్న ఆరుగురు తెలుగు పిల్లలది. జట్టు పెద్ద ఈషా, కరీంనగర్ అమ్మాయి. నిన్న పొద్దున కాగితం తీసుకుంటూ, మావి ఇరవై మూడేళ్ల మోకాళ్లు, ఈ గంట మాకెందుకంకుల్ అంది. కూర్చోవాల్సిందేనని అతను గట్టిగా చెప్పాడు. రాత్రి పైనున్న బసలో పడుకుని, ఇవాళ రాతి సముద్రం దాటి సాయంత్రానికి సరస్సుకు దిగాలి వాళ్లు.

వచ్చే వారం నుంచి ఈ పని ఒక యాప్ చేస్తుంది. నాలుగు సెకన్లలో దారి గీసి ఇస్తుందట. నెల రోజులుగా కనిపించినవాళ్లంతా విశ్వనాథాన్ని చావు ఇంటికి వచ్చినట్టు పలకరిస్తున్నారు. అతనూ తగ్గట్టుగా తల వంచుకుంటున్నాడు. నిజానికి లోపల అతనికి ఎంత సంతోషంగా ఉందో ఎవరికీ తెలియదు. పదకొండేళ్లుగా ఒక్క పూట కూడా నిశ్చింతగా తినలేదతను. ఇంట్లో హైమావతి కంచం పెట్టే ముందు, దిగినారా అని అడుగుతుంది. ఇంకా లేదంటే అన్నం గిన్నె మీద మూత తీయదు. ఇక ఆ ప్రశ్న ఉండదు. ఆ యాప్‌కు ఆకలీ లేదు, నిద్రా లేదు కాబట్టి అవి పోతాయన్న బాధా లేదు.

పదకొండింటికి ఫ్రావు లేనర్ ప్లమ్ పళ్ల కేకు తెచ్చి కోసింది. కత్తి తుడుచుకుని, ఆ చేత్తోనే కొత్త పడవల పట్టికను బోర్డుకు అంటించింది. శరదృతువు వేళలు ఇవాళ్టి నుంచే మొదలట. విశ్వనాథం కేకు ముక్క నోట్లో పెట్టుకుని యథాలాపంగా అటు చూశాడు. ఆఖరి పడవ నాలుగు యాభైకి. పిల్లల కాగితంలో అతను రాసింది ఐదు యాభై.

నోట్లో ముక్కతోనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి ఆ అంకె మళ్లీ చూశాడు. వాళ్లు రేవుకు చేరాల్సింది ఐదుంబావుకి అని వేశాడు. అన్నీ ఆఖరి పడవ నుంచి వెనక్కి లెక్కించే మనిషికి ఆ ఒక్క అంకె తప్పితే పొద్దున లేచే వేళ దాకా అన్నీ తప్పే. పడవ పోతే ఆ ఒడ్డున కొండగోడలే గానీ కాలిబాట లేదు. ఫోన్ అందదు. సాయంత్రానికి చలివాన ఉందని వాతావరణ సూచన. కుర్రవాళ్లు ఊరికే కూర్చోరు, గోడ పట్టుకుని పోదామంటారు. అక్కడ జారితే కింద లోతైన నీళ్లు.

ఈషాకు ఫోన్ చేశాడు. అందలేదు. బసకు చేశాడు. మీ కాగితంలో ఉన్నట్టే సరిగ్గా ఏడింటికి బయల్దేరారని, బెంచీ మీద ఒక స్టీలు డబ్బా మరచిపోయారని బస యజమాని చెప్పాడు. డబ్బా గోల నాకెందుకని విశ్వనాథం జీవితంలో మొదటిసారి ఒకరి మీద విసుక్కున్నాడు. పడవల ఆఫీసువాళ్లు పేర్లు రాసుకున్నారు గానీ, వేళ దాటితే ఆగలేమన్నారు.

దారం తీసి మళ్లీ కొలిచాడు. మోకాలి గంట తీసేస్తే నాలుగుంబావుకల్లా రేవులో ఉంటారు. కూర్చుంటే పడవ పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చెప్పిన మాట వినండని పదకొండేళ్లు అందరినీ బతిమాలిన మనిషి, ఈ ఒక్కసారికి నా మాట వినకండని దేవుణ్ణి వేడుకున్నాడు. బండ మీద కూర్చోవాల్సిందేనని నిన్న చెప్పిన తన గొంతు తనకే వినబడుతోంది.

నాలుగు యాభై అయింది. కిటికీ అద్దం మీద వాన మొదలైంది. పడవ ఈ ఒడ్డుకు రావడానికి ముప్పావుగంట పైనే పడుతుంది, అంతవరకు ఏదీ తెలియదు. ఫ్రావు లేనర్ కోటు వేసుకుని కూడా వెళ్లకుండా అతని పక్క కుర్చీలో కూర్చుంది. ఐదింటికి హైమావతి ఫోన్ చేసింది. ఆఖరి రోజని వెంట తీసుకెళ్లడానికి వచ్చి, కింద బస్టాపులో ఉంది.

"దిగినారా?"

"ఇంకా లేదు హైమా."

"సరే. ఈడ్నే కూచోనుంటా."

ఐదు నలభై రెండుకు ఫోన్ మోగింది.

"అంకుల్, దిగినం. ఆరుగురం మంచిగనే ఉన్నం. పడవకాడ లైన్ మస్తుండె. ఇదే లాస్ట్‌దని ఎక్కినంక చెప్పిండ్రు" అంది ఈషా. తరవాత గొంతు తగ్గించింది. "ఒకటి చెప్తా, తిట్టొద్దు. మీరు కూసోమన్న బండకాడ కూసోలే."

విశ్వనాథం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు కూచోలేదమ్మా?"

"సందీప్ పులిహోర డబ్బా పైననే మర్చిపోయిండంకుల్. తినేతందుకు ఏం లేకుంటె గంట సేపు కూసొని ఏం జేస్తం? ఆకలికి ఉరుక్కుంట దిగినం."

"మంచి పని చేసినారు తల్లీ. పడవ టైము నేను తప్పు రాసినా. నా మాట వినింటే మీకు పడవ దొరికేది కాదు."



"గట్లనా" అంది ఈషా. "అయితే పులిహోర పుణ్యమే అంకుల్. సందీప్‌ను పొద్దుగాల్నుంచి తిడుతనే ఉన్నం. ఇగ తిట్టం."

ఫోన్ పెట్టేశాక అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ రెండూ దాచుకోలేదు. ఈ పనంటే పదకొండేళ్లూ తనకు భయంగానే ఉండేదని, పోతున్నందుకు ప్రాణం హాయిగా ఉందని ఫ్రావు లేనర్‌కు చెప్పేశాడు. ఆవిడకు ఆ సంగతి ఎప్పుడో తెలుసట. భయపడేవాడు గీసిన దారి కాబట్టే తన కొడుకును కూడా రెండుసార్లు దాని మీదే పంపానని చెప్పి, మిగిలిన కేకు అతని సంచిలో పెట్టింది.

అతను కుర్చీలోంచి లేచి ఆఖరి సూది పీకి డబ్బాలో వేశాడు. ఫోన్ మళ్లీ మోగింది.

"దిగినారా?"

"దిగినారు. ఆరుగురూ."

"అయితే మీరూ దిగండి. బస్సొచ్చే టైమాయె. ఇంట్లో అన్నం వండే వచ్చినా."

విశ్వనాథం దారాన్ని వేలికి చుట్టి సొరుగులో పెట్టి, తాళంచెవి ఫ్రావు లేనర్ చేతికిచ్చి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఆవిడ దీపం ఆర్పి తలుపు వేసింది. గోడ మీది పటం నిండా సన్నటి చిల్లులు. కిటికీ గట్టు మీద రేకు డబ్బాకు మూత పెట్టి ఉంది, గుండుసూదులన్నీ అందులోనే ఉన్నాయి.